పదకొండు గంటల పాలు

మీ ఇంట్లో వైఫై డబ్బా ఎక్కడుంది? ఒక్కసారి లేచి చూసి రండి. హాల్లో, టీవీ వెనకాల, షోకేసు మూలలో... అవునా? మా చుట్టాల ఇళ్లలో, ఇరుగుపొరుగు ఇళ్లలో దాదాపు అందరికీ అక్కడే ఉంది. ఎందుకక్కడ పెట్టారూ అని అడిగితే ఎవరూ జవాబు చెప్పలేదు. వైరు పట్టుకొచ్చిన అబ్బాయికి వీధివైపు గోడ దగ్గరైంది, బిగించి పోయాడు. అంతే. మన వంటిల్లేమో ఇంటికి ఆ చివర. రోజుకి పది గంటలు మనం ఉండే చోట ఫోన్లో అమ్మాయి ముఖం కదలదు, గొంతు ముక్కలు ముక్కలుగా వస్తుంది. "ఏమే, వినపడుతోందా?" అంటూ చేతిలో గరిటెతో హాల్లోకి పరుగెత్తుతాం. ఈ పరుగు మీకూ అలవాటే కదూ!

మా ఇంట్లోనూ అక్కడే పెట్టారు. దానికొక దారి దొరికేసరికి నాకు నలభై రోజులు పట్టింది. ఆ నలభై రోజుల్లో మా అమ్మాయికీ నాకూ మాటలు లేని రోజులు కూడా గడిచాయి. ఓ డబ్బా కోసం తల్లీకూతుళ్లు మాట్లాడుకోకపోవడమేమిటని నవ్వకండి. మొత్తం విన్నాక అప్పుడు చెప్పండి.

మేము నాచారంలో ఇరవై నాలుగేళ్లు అద్దెకున్నాం. మావారు అక్కడి పారిశ్రామికవాడలో ఒక ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. రెండు గదుల పోర్షను. అక్కడ ఏ మూల కూర్చున్నా అన్నీ చేతికి అందేవి. రిటైరయ్యాక వచ్చిన డబ్బుతో కీసరలో, ఎప్పుడో కొనిపెట్టుకున్న జాగాలో ఇల్లు కట్టుకున్నాం. ఈసీఐఎల్ చౌరస్తా నుంచి నాగారం మీదుగా వచ్చే దారి. డాబా ఎక్కితే కీసరగుట్ట కనిపిస్తుంది. కింద ముందు హాలు, నడుమ భోజనాల గది, వెనకాల వంటిల్లు. మెట్లెక్కితే పైన ఒక గది. ఆ గది మా అమ్మాయి కోసమే వేయించాం. పండక్కి పబ్బానికి వస్తే అల్లుడితో హాయిగా ఉంటుందని.

పోయిన సంవత్సరం ఏడో నెలలో శ్రీమంతం చేసి అమ్మాయిని తీసుకొచ్చుకున్నాం. తొలి కాన్పు తల్లిగారింట్లో కదా. కానీ వెనకటిలా సూట్‌కేసుతో వచ్చి మంచమెక్కే రోజులా ఇవి? సూట్‌కేసు కన్నా ముందు లాప్‌టాప్ బ్యాగు దిగింది. తను సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేస్తోంది. ఇంటి నుంచి పని చేసుకోవడానికి ఒప్పుకున్నారు గానీ ఒక షరతు పెట్టారు. నెట్ సరిగ్గా ఉండాలి. మీటింగుల మధ్యలో మాయమైపోతే కుదరదు. అయితే ఆఫీసుకి రావాలి, లేదా సెలవు మొదలుపెట్టుకోవాలి.

పెట్టుకుంటే పెట్టుకో, పొట్టతో ఈ తిప్పలెందుకు అన్నాన్నేను. అప్పుడు తను కూర్చోబెట్టి లెక్క చెప్పింది. 2017లో చట్టం మార్చి, మొదటి ఇద్దరు పిల్లలకీ జీతంతో ఇచ్చే ప్రసూతి సెలవు 12 వారాల నుంచి 26 వారాలకి పెంచారు. అందులో కాన్పుకి ముందు 8 వారాల దాకా వాడుకోవచ్చు. "ముందు ఎంత వాడితే తర్వాత అంత తగ్గుతదమ్మా. నువ్వు చెప్పినట్లు ఇప్పటి నుంచే పడుకుంటే, బిడ్డకి నాలుగు నెలలు నిండంగనే వదిలిపెట్టి పోవాలె. ఆఖరి దాకా చేస్తే ఆరు నెలలు నా దగ్గరే ఉంటది" అంది.

నేనింక మాట్లాడలేదు. ఆ డబ్బాలో వచ్చే సిగ్నలు, పుట్టబోయే నా మనవరాలికో మనవడికో తల్లి ఒడిలో దొరికే వారాలన్నమాట. నాకు అలా అర్థమైంది.

తీగ తెప్పించుకోవడమే ఒక యజ్ఞం. మొదటి కంపెనీకి ఫోన్ చేస్తే మీ వీధిలో మా లైను లేదన్నారు. రెండో కంపెనీ వాళ్లు డబ్బు కట్టించుకుని, రేపు రేపు అంటూ రెండు వారాలు తిప్పారు. చివరికి ఊళ్లో టీవీ కేబులు చూసే అబ్బాయే దిక్కయ్యాడు. సరిగ్గా మిట్టమధ్యాహ్నం, అన్నం వడ్డించే వేళకి వచ్చాడు. (వీళ్లందరూ ఆ వేళకే ఎందుకొస్తారో!) వీధి స్తంభం నుంచి జామచెట్టు మీదుగా నల్లటి తీగ లాగి, హాలు కిటికీలోంచి లోపలికి తెచ్చాడు. "ఇండ్ల గాజు ఉంటదమ్మా, మడత పెట్టకుండ్రి" అని మరీ మరీ చెప్పాడు. నిజమే. లోపల వెంట్రుకంత సన్నటి గాజుపోగు ఉంటుంది. అందులో వెలుతురే కబురు మోసుకొస్తుంది. తీగని బాగా వంచితే ఆ వెలుతురు బయటికి జారిపోతుంది. ఈ సంగతి తెలియక మా పనమ్మాయి వారం తిరక్కుండానే దాని మీద తడి దుప్పటి ఆరేసింది. డబ్బా మీద ఎర్రదీపం వెలిగింది. దాని కింద 'ఎల్.ఓ.ఎస్.' అని ఉంటుంది చూడండి, వెలుతురు అందడం లేదని అర్థం. ఆ ఎర్రదీపం వెలిగితే మీరు డబ్బాని ఎన్నిసార్లు ఆపి వేసినా లాభం లేదు, వాళ్లకే ఫోన్ చెయ్యాలి. అది ఆరిపోయి ఉండి కూడా నెట్ రాకపోతే అప్పుడు ఆపి, రెండు నిమిషాలాగి వేసి చూడండి.

నెలకి 590 రూపాయలు, '40 స్పీడు' అన్నాడు. నలభై ఏమిటని నేను అడగలేదు. మీరు అడగండి. అవి సెకనుకి 40 మెగాబిట్లు. ఫోన్లో ఫైలు సైజు చూపించేదేమో మెగాబైట్లలో. ఎనిమిది బిట్లయితే ఒక బైటు. అంటే మన వాడుక లెక్కలో సెకనుకి ఐదు. అబద్ధం కాదు గానీ, తవ్వతో కొలిచి మానెడన్నట్టు ఉంటుంది. అయినా ఇంటి పనికి ఆ ఐదు చాలు. చాలనిదల్లా అది మనం కూర్చున్న చోటికి చేరకపోవడమే. తీగ డబ్బా దాకా వాళ్ల పూచీ. డబ్బా దాటాక గాలిలో మన పూచీ. ఈ ఒక్క ముక్క ముందే ఎవరైనా చెప్పి ఉంటే నాకు సగం రోజులు కలిసొచ్చేవి.

పైగదిలో సిగ్నలు సున్నా. ఉండదు మరి. మధ్యలో ఇనప చువ్వలు పోసిన స్లాబు. హాలు గోడకి ఆనించి నా పెళ్లినాటి స్టీలు బీరువా, దానికి నిలువుటద్దం. ఇనుము ఆ తరంగాల్ని దాటనివ్వదు, అద్దం వెనక పూత కూడా తిప్పికొడుతుంది. కాంక్రీటు కొంత, నీళ్లు కొంత తాగేస్తాయి. చేపల తొట్టి పక్కన డబ్బా పెట్టుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే వెంటనే జరిపేయండి.

అమ్మాయి లాప్‌టాప్ పట్టుకుని ఇల్లంతా తిరిగి, చివరికి మెట్ల మీద ఆరో మెట్టు దగ్గర రెండు గీతలు వస్తున్నాయని అక్కడే కూర్చుంది. నడుముకి దిండు, ఒళ్లో లాప్‌టాప్. ఏడు నెలల నిండుమనిషి రోజంతా మెట్ల మీద! నేను మజ్జిగ గ్లాసు పట్టుకుని వెళ్తే ఒత్తుకుని దారి ఇచ్చేది. నా కడుపు తరుక్కుపోయేది. పిల్ల కోసమని గది కట్టి, పిల్లని మెట్ల మీద కూర్చోబెట్టానే అని.

మావారు ఊరుకోలేదు పాపం. డబ్బా చేతబట్టుకుని తీగ అందినంత మేర ఎత్తి, దించి, "ఇప్పుడో? ఇప్పుడో?" అని అరిచేవారు. నాకు మా పుట్టింటి రోజులు గుర్తొచ్చాయి. మా ఈసీఐఎల్ 1967లో పెట్టిన కంపెనీ, తెలుసు కదా. ఇప్పుడు ఆ పేరు చెబితే ఓట్ల మిషన్లు గుర్తొస్తాయి గానీ ఒకప్పుడు వాళ్ల ఈసీటీవీ ఉన్న ఇల్లంటే ఎంత గొప్ప! మా పుట్టింట్లో ఉండేది. అన్నయ్య డాబా మీద ఆంటెనా తిప్పుతూ "వచ్చిందా?" అనేవాడు. నేను కిటికీలోంచి "వచ్చింది... పోయింది... పోయిందన్నయ్యా!" అనేదాన్ని. ఆంటెనా ఎటు తిరిగి ఉందో కంటికైనా కనిపించేది. ఈ డబ్బా ఎటు చూస్తుందో ఎవరికి తెలుసు?

అదీ తెలుసుకున్నాను లెండి. మా చెల్లెలి కొడుకు చెప్పాడు. డబ్బాకి నిలబడి ఉండే పుల్లలున్నాయే, వాటి చుట్టూ సిగ్నలు గారె ఆకారంలో పరుచుకుంటుందట. పుల్ల, గారె చిల్లులో నిలబడ్డట్టు. పక్కలకి బాగా పోతుంది, నెత్తిమీదికీ కాళ్లకిందికీ పోదు. అందుకే పై అంతస్తు కావాలంటే ఒక పుల్లని పడుకోబెట్టాలి. పడుకోబెడితే పైగది గుమ్మంలో ఒక గీత వచ్చింది. గుమ్మం దాటితే లేదు.

తర్వాత 1,600 పెట్టి ఎక్స్‌టెండరు కొన్నాం. సిగ్నలు అందుకుని ముందుకి పంపే చిన్న డబ్బా అది. తెచ్చి ఎక్కడ పెట్టాం? పైగదిలో, మంచం పక్కన. అక్కడికి సిగ్నలే రానప్పుడు అది ఏం అందుకుంటుంది, ఏం పంపుతుంది? ఖాళీ గిన్నెలో గరిటె తిప్పితే పులుసు వస్తుందా! ఇలాంటిది కొంటే సగం దారిలో, సిగ్నలు ఇంకా బాగున్న చోటే పెట్టాలి. మెట్ల దగ్గర పెట్టాక పైన కొంచెం వచ్చింది గానీ, వినడమూ చెప్పడమూ ఒకే నోటితో చేస్తుంది కాబట్టి వేగం సగానికి పడింది. మీటింగులో మనుషులు నీళ్లలో మాట్లాడుతున్నట్టు ఉండేవారు.

సరే, ఇవన్నీ కాదని అమ్మాయి కిందికి దిగి భోజనాల బల్ల దగ్గర దుకాణం పెట్టింది. అక్కడ హాలుకి అడ్డంగా గోడ లేదు, బాగానే వచ్చింది. హమ్మయ్య అనుకున్నాం. నాకైతే రెండు రకాలుగా సంతోషం. వంటింటి గుమ్మంలోంచి పిల్ల కంటికి ఎదురుగా ఉంటుంది. వేళకింత పెట్టుకోవచ్చు.

నాలుగో రోజు నుంచి మొదలైంది. మిగతా సమయమంతా బాగుండి, సరిగ్గా పదకొండు గంటలకి, పై అధికారితో రోజూ ఉండే మీటింగులో, తను మాట్లాడుతుండగా తెగిపోయేది. రెండు మూడు నిమిషాలకి దానంతటదే వచ్చేది. ఒకరోజంటే పోనీ. రోజూ! ఆ అధికారి ఒకరోజు నవ్వుతూ "పదకొండింటికి మీ ఊళ్లో ఏమవుతుంది?" అన్నాడట. ఇంకో రోజు నవ్వకుండా సెలవు సంగతి ఆలోచించుకోమన్నాడు. కేబులు అబ్బాయిని పిలిస్తే సాయంత్రం ఆరుకి వచ్చి, ఫోన్లో ఏదో చూసి, "మస్తుగ వస్తుందమ్మా, మీ లాప్‌టాపే ఖరాబున్నట్టుంది" అని పోయాడు.

ఆ రోజు రాత్రి అమ్మాయి సంచి సర్దుకోవడం మొదలుపెట్టింది. "నేను ఉప్పల్ ఫ్లాటుకే పోతనమ్మా. అక్కడ నెట్టన్న మంచిగుంటది."

"అల్లుడివి రాత్రి డ్యూటీలు. నొప్పులొస్తే ఎవరున్నరక్కడ?"

"ఉంటే ఏం లాభం? నీ ఇంట్ల నా ఉద్యోగం పోయేటట్లున్నది."

'నీ ఇంట్ల' అంది. మన ఇంట్ల అనలేదు. పెళ్లయిన ఆడపిల్ల నోట ఆ మాట ఏదో ఒక రోజు వస్తుందని తెలుసు. కానీ గదికి పిల్లకి నచ్చిన రంగు వేయించి, మినుములు వేయించి సున్నిపిండి విసిరి డబ్బాలో పోసి పెట్టుకున్నాక వినడానికి కష్టంగా ఉంటుంది. నేనూ ఏదో అన్నాను. ఏమన్నానో రాయను. రెండు రోజులు కంచం ముందు పెట్టడం, తను తినడం, అంతే. మావారే అటు మాట ఇటూ ఇటు మాట అటూ చేరవేశారు.

ఆ రెండు రోజుల్లో మాటలు లేవు కాబట్టి నేను లెక్క రాశాను. పాల ప్యాకెట్ల గుర్తులు పెట్టే గోడ క్యాలెండరుంది కదా, దానిమీదే. నెట్ పోయిందని పిల్ల నిట్టూర్చినప్పుడల్లా టైము. 11-02. మర్నాడు 11-05. అదే రోజు సాయంత్రం 4-30కి ఇంకోసారి. నాలుగున్నరకి ఏ మీటింగూ లేదు. అప్పుడు ఇంట్లో ఏం జరిగింది? మావారు నిద్ర లేచారు. పనమ్మాయి వచ్చింది. నేను పొద్దుటి టీ వేడి చేశాను.

వేడి చేశాను. ఓవెన్లో.

పదకొండింటికి నేనేం చేస్తాను? డాక్టరమ్మ చెప్పిందని పిల్లకి గ్లాసుడు పాలు వేడిచేసి బల్లమీద పెడతాను. గృహప్రవేశానికి అల్లుడు ఇచ్చిన మైక్రోవేవ్ ఓవెన్లో. రెండు నిమిషాలు. అది ఉన్నది వంటింట్లో, పిల్ల వీపు వెనక గోడకి ఆనించి.

మావారికి చెబితే నవ్వారు. "పాలకీ నెట్టుకీ ఏం సంబంధం?" అన్నారు. అమ్మాయికి చెప్పడానికి నాకు మొహం చెల్లలేదు. ఆదివారం తను బల్ల దగ్గర అల్లుడితో వీడియోలో మాట్లాడుతుంటే, ఒక కప్పులో నీళ్లు పోసి ఓవెన్లో పెట్టి మీట నొక్కాను. అల్లుడి నోరు సగం తెరుచుకుని ఆగిపోయింది. ఆపాను. కదిలాడు. మళ్లీ నొక్కాను. మళ్లీ ఆగిపోయాడు. మూడోసారికి అమ్మాయి వెనక్కి తిరిగి నన్నూ, ఓవెన్నూ, నా వేలునీ చూసింది.

"అమ్మా, ఇంకోపారి నొక్కు" అంది. రెండు రోజుల తర్వాత నాతో మాట్లాడిన మొదటి మాట అదే.

ఇందులో మాయేమీ లేదు. తర్వాత తెలుసుకున్నాను. 1945 ప్రాంతంలో అమెరికాలో పెర్సీ స్పెన్సర్ అనే ఆయన రాడార్ పరికరాల దగ్గర పని చేస్తుంటే జేబులోని చాక్లెట్ కరిగిపోయిందట. ఆ కరగడం నుంచే మైక్రోవేవ్ ఓవెన్ పుట్టింది. అది వాడే తరంగాలు 2.45 గిగాహెర్ట్జ్. మన వైఫై మాట్లాడేది కూడా 2.4 పైనే. ఒకే వీధిలో రెండు కొట్లు. ఎందుకలా అంటే, ఆ కాస్త జాగాకి లైసెన్సు అక్కర్లేదు. వెనకటికి ఇంట్లో రేడియో ఉంటే పోస్టాఫీసుకి వెళ్లి లైసెన్సు డబ్బు కట్టి వచ్చేవారు, మీలో పెద్దవాళ్లకి గుర్తుండే ఉంటుంది. అలాంటి మన దేశంలో 2005 జనవరిలో ఈ 2.4 వరసని, తక్కువ శక్తి పరికరాలకి లైసెన్సు లేకుండా వదిలేశారు. అందరూ అక్కడే చేరారు. ఓవెన్ తలుపుకున్న జాలీ తరంగాల్ని లోపలే పట్టి ఉంచుతుంది. జారిపోయేది చాలా కొంచెం. కానీ వైఫై డబ్బాది గుసగుస అయితే ఓవెన్‌ది గావుకేక. వందల వాట్లతో అది అరుస్తుంటే, ఎక్కడో హాల్లో ఉన్న డబ్బా గుసగుస పిల్ల లాప్‌టాప్‌కి ఎలా వినిపిస్తుంది?

మరి గర్భిణి పక్కన ఓవెన్ మంచిదేనా అని మా వియ్యపురాలు కంగారు పడింది. మీరూ అడుగుతారు. డాక్టరమ్మని అడిగాం. తలుపు సరిగ్గా పడుతూ, వంకర పోకుండా, చుట్టూ సీలు బాగుంటే భయం లేదంది. తలుపు దెబ్బతిన్న ఓవెన్ మాత్రం ఎవరూ వాడకూడదు.

ఇంకొకటి. ఇప్పుడొచ్చే డబ్బాలు చాలావరకు రెండు పేర్లతో సిగ్నలు ఇస్తాయి. ఒక పేరు చివర '5జి' అని ఉంటుంది. ఇది ఫోన్ సిమ్ముల్లో చెప్పే 5జి కాదు, 5 గిగాహెర్ట్జ్ అని. దీని జోలికి ఓవెన్ రాదు. వేగమూ ఎక్కువే. కానీ గోడలు దాటడంలో బలహీనం. 2.4 ముతక బియ్యం, ఎంతమందికైనా సర్దుకుంటుంది. 5 సన్నబియ్యం, దగ్గర కూర్చున్నవాళ్లకే. కాబట్టి పిల్ల ఆ రెండోది వాడాలంటే డబ్బాని ఇంటి నడిమికి తేవాలి. గాజుతీగని అంత దూరం తిప్పడం కుదరదు. హాల్లో డబ్బా నుంచి మామూలు నెట్ కేబులు లాగి, నడుమ రెండో డబ్బా పెట్టుకోవచ్చన్నాడు మా చెల్లెలి కొడుకు.

"గోడకి బొక్క కొట్టనియ్య" అన్నారు మావారు. రంగు వేసి ఆరు నెలలు కాలేదు. నాకు కోపం వచ్చింది గానీ, ఆయన బాధా తెలుసు. ఇరవై నాలుగేళ్లు అద్దె ఇంటి గోడకి మేకు కొట్టాలంటే ఇంటివాళ్లని అడిగిన మనిషి. ఇప్పుడు తన గోడకి తనే ఇంటివాడు.

ఆయన మధ్యాహ్నం కునుకు తీసినప్పుడు ఇల్లు కొలిచాను. టేపు అడిగితే ఎందుకంటారని పాత చీరతో కొలిచాను. హాలు కిటికీలోంచి బయటికి, పక్క గోడ వెంట, మెట్ల మలుపు దాకా మూడు చీరలు. అప్పుడు కనిపించింది, మెట్ల మలుపులో గాలి కోసం పెట్టిన వెంటిలేటరు. దానికున్న జాలీలోంచి నా బొటనవేలు దూరుతోంది. గోడకి ఒక్క బొక్క కూడా అక్కర్లేదు! తీగకీ కూలికీ కలిపి 1,400 అయింది. మెట్ల మలుపులో చిన్న చెక్క కొట్టించి, మన తలకన్నా ఎత్తులో రెండో డబ్బా పెట్టాం. పైగదికి సగం దూరం, భోజనాల బల్లకి సగం దూరం. అమ్మాయి తన గదిలో, తన మంచం మీద, నడుముకి దిండుతో కూర్చుని పదకొండు గంటల మీటింగు చేసింది. ఓవెన్ వేసి మరీ చూశాం. చెక్కు చెదరలేదు.

బయటి తీగకి మాత్రం ప్లాస్టిక్ పైపు తొడిగించాను. ఎండకన్నా కోతుల భయం ఎక్కువ మాకు. 2015లో కాశీలో గంగ ఒడ్డున వేసిన ఫైబరు తీగల్ని కోతులు కొరికేశాయని వార్త వచ్చింది. మా కీసరగుట్టకీ కాశీకీ కోతులతో పాత సంబంధమే ఉంది. రాములవారు ఇక్కడ లింగ ప్రతిష్ఠకి ఆంజనేయుడిని కాశీకి పంపిస్తే ఆయన రావడం ఆలస్యమైంది. ముహూర్తం మించిపోతోందని శివుడే ప్రత్యక్షమై లింగమిచ్చాడు. అదే రామలింగేశ్వరస్వామి. తర్వాత ఆంజనేయుడు నూటొక్క లింగాలతో వచ్చి, అయ్యో పనైపోయిందే అని చిన్నబుచ్చుకుని వాటిని విసిరేశాడని స్థలపురాణం. గుట్ట మీద ఇప్పటికీ అక్కడక్కడా లింగాలు కనిపిస్తాయి. వేళకి అందకపోతే ఎంత కష్టమో ఆ స్వామికి తెలుసు. ఆయన పరివారానికే తెలియడం లేదు, పైపు మీద ఊయలలూగుతున్నాయి.

మిగతావి చిన్న చిన్నవి. కరెంటు పోతే డబ్బా ఆగకుండా దానికని అమ్మే చిన్న బ్యాటరీ పెట్టె కొన్నాం. రెండు డబ్బాలున్నాయి కాబట్టి రెండు. పాస్‌వర్డు మాత్రం మార్చుకోండమ్మా. మాకు ఆ అబ్బాయి ఒకటి నుంచి ఎనిమిది దాకా అంకెలు పెట్టి పోయాడు. సాయంత్రమైతే వీధి పిల్లలు మా ప్రహరీ గోడ మీద వరసగా ఎందుకు కూర్చుంటున్నారో, ఎంత మంచి పిల్లలో అని చాలా రోజులు మురిసిపోయాను.

అమ్మాయి కాన్పుకి రెండు వారాల ముందు దాకా పని చేసింది. పాప పుట్టింది. ఇరవై నాలుగు వారాలు తల్లి దగ్గరే ఉంది. పక్క తిరగడం, బోర్లా పడటం, మొదటి అన్నం ముద్ద... అన్నీ తల్లి కళ్లముందే. గుట్ట మీద స్వామి సన్నిధిలోనే అన్నప్రాశన చేశాం.

పోయిన నెల ఉప్పల్లో వాళ్ల ఫ్లాటుకి వెళ్లాను. అమ్మాయి పడగ్గదిలో కూర్చుని పని చేసుకుంటూ, పాపని ఒళ్లో వేసుకుని, ఉండుండి "హలో... వినపడుతోందా?" అంటోంది. హాల్లోకి వచ్చి చూశాను. డబ్బా టీవీ వెనకాల ఉంది. అల్లుడు అక్కడే సోఫాలో నిద్రపోతున్నాడు, రాత్రి డ్యూటీ చేసి వచ్చాడు. నేనేమీ అనలేదు. అమ్మాయి బీరువాలోంచి ఒక చీర తీసుకుని, టీవీ దగ్గర నుంచి పడగ్గది గుమ్మం దాకా చప్పుడు చెయ్యకుండా కొలిచాను. రెండు చీరలకి కొంచెం తక్కువ.